0.85 సెకన్ల అంతరిక్షం: భారరహిత స్థితిని బడిలోనే చూపించడం ఎలా

మాది సూళ్లూరుపేట దగ్గర ఊరు. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు బడి మొత్తం మిద్దె మీదే ఉంటుంది. ముందు వెలుగు, వెనకాలే పొగ, ఇంకాసేపటికి గుండెల్లో దడదడమనే శబ్దం. అలాంటి ఒక రోజు కిందికి దిగొచ్చాక తొమ్మిదో తరగతిలో ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను: "అంత పైన గురుత్వాకర్షణ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలుతుంటారు." వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "చందమామ ఇంకా పైన ఉంది కదా మేడమ్, మరి దాన్నెవరు పట్టుకున్నారు?" అన్నాడు.

అప్పటికి ఫిజికల్ సైన్స్ చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్లు. పదకొండేళ్లూ తప్పే చెప్పానన్నమాట. గంట కొట్టారు కాబట్టి ఆ పూటకు బతికిపోయాను.

వాడికి జవాబు చెప్పడం కోసం ఏడాదికొకటిగా కూడబెట్టుకున్న ప్రయోగాలు ఇవి. క్లాసులోనే కాదు, ఇంట్లో పిల్లలకైనా చూపించొచ్చు. స్లో మోషన్ వీడియో తీసే ఫోన్ ఒకటి ఉంటే మిగతా సామానుకు వంద రూపాయలు కూడా కావు.

ముందు బోర్డు మీద రెండు లెక్కలు

ఇవి చెప్పకుండా ప్రయోగాల్లోకి దిగితే పిల్లలకు అది గారడీలా ఉంటుంది, అంతే.

మొదటిది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కి.మీ. ఎత్తులో తిరుగుతుంది. మా ఊరి నుంచి విజయవాడ దాటి ఏలూరు పోయేంత దూరం. భూమి మధ్య నుంచి కొలిస్తే 6,371 కి.మీ. కాస్తా 6,771 అయింది, అంతే తేడా. గురుత్వ త్వరణం (పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ లెక్క) 9.8 మీ/సె² నుంచి 8.7కు దిగుతుంది. 400 కి.మీ. నిచ్చెన వేసి, దాని కొసన బరువు చూసే మిషన్ పెట్టి నిలబడితే ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 53 తూగుతాడు. తేలడు. కాలు జారాడా, పడతాడు.

రెండోది. ఆ కేంద్రం కూడా పడుతూనే ఉంది. ఒక్క సెకనులో భూమి వైపు సుమారు 4.3 మీటర్లు పడుతుంది. అదే సెకనులో పక్కకు దాదాపు 7.7 కి.మీ. దూసుకుపోతుంది. భూమి గుండ్రం కాబట్టి అంత దూరం పోయేసరికి నేల కూడా 4.3 మీటర్లు కిందికి వంగిపోయి ఉంటుంది. పడటం ఆగదు, నేల అందదు. అలా పడుతూనే గంటన్నరకొకసారి భూమిని చుట్టేస్తుంది. చందమామ సంగతీ ఇదే.

మరి బరువు ఎక్కడికి పోయింది? మన బరువు మనకు తెలిసేది నేల మనల్ని తిరిగి పైకి తోస్తుంది కాబట్టి. కుర్చీలో కూర్చుంటే తెలిసేది కుర్చీ తోపు. నేలా కుర్చీ మనతో పాటే పడిపోతుంటే తోసేది ఏదీ ఉండదు. ఈ ఒక్క ముక్క పిల్లల చేత రెండుసార్లు చెప్పించండి: "లాగేది ఉంది, తోసేది లేదు." దీపం, నీళ్లు, ఎముకలు, నిద్ర, ఏది అడిగినా ఇక్కడికే వస్తాం.

చిల్లు బాటిల్

లీటరు నీళ్ల బాటిల్ ఒకటి తీసుకోండి. అడుగుకు రెండు వేళ్ల పైన, పక్కవైపు, కాల్చిన మేకుతో పెన్సిల్ మొనంత చిల్లు పెట్టండి. నీళ్లలో కాస్త కుంకుమ కలిపితే ధార దూరానికి కూడా కనబడుతుంది. మూత పెట్టకూడదు. మూత పెడితే గాలి లోపలికి పోక ధార దానంతటదే ఆగిపోతుంది, అప్పుడు ఏం చూపించినట్టు?

చిల్లును బొటనవేలితో మూసి కుర్చీ ఎక్కండి. వేలు తీయగానే ధార కడుతుంది. పిల్లల్ని ధార మీదే చూపు పెట్టమని చెప్పి బాటిల్ వదిలేయండి. విసరొద్దు, తొయ్యొద్దు, మెడ దగ్గర పట్టుకున్న రెండు వేళ్లూ ఒకేసారి విప్పండి. విదిలిస్తే బాటిల్ పల్టీ కొట్టి నీళ్లు పైనుంచి వచ్చేస్తాయి.

పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. చిల్లు తెరిచే ఉంది, బాటిల్లో నీళ్లూ ఉన్నాయి, అయినా బయటికి రావు. చేతిలో ఉన్నప్పుడు పైనున్న నీళ్ల బరువు కింది నీళ్లను నొక్కి చిల్లులోంచి తోస్తోంది. పడేటప్పుడు పై నీళ్లూ కింది నీళ్లూ బాటిలూ ఒకే వేగంతో పోతున్నాయి. ఎవరూ ఎవరినీ నొక్కడం లేదు.

కుర్చీ మీద నుంచి రెండు మీటర్లనుకుంటే సమయం 0.6 సెకను. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. మా మిద్దె పిట్టగోడ నుంచి నేలకు 3.6 మీటర్లు, అంటే 0.85 సెకను. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టి తీస్తే అదే దాదాపు ఏడు సెకన్ల వీడియో అవుతుంది. క్లాసంతా తీరిగ్గా చూడొచ్చు.

కింద ఏం పరచాలో ముందే చూసుకోండి. మొదటిసారి నేను చూసుకోలేదు. బాటిల్ సిమెంటు గచ్చు మీద పడి పగిలింది. సరిగ్గా అప్పుడే వరండాలోంచి బయటికొచ్చిన హెడ్మాస్టరు గారి తెల్ల చొక్కా కుంకుమ నీళ్లతో తడిసిపోయింది. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ నెలంతా నన్ను చూస్తే పక్కకు జరిగేవారు. ఇప్పుడు కింద పాత బొంతలు రెండు మడిచి పరుస్తాను. ఆ చుట్టూ సున్నంతో గిరి గీసి లోపలికి ఎవరూ రాకూడదంటాను. పిట్టగోడ దగ్గరికి పిల్లల్ని పంపను, వదిలేది నేనే.

ఇక అసలు పరీక్ష. బాటిల్‌ను పైకి విసిరితే? పైకి పోయేటప్పుడు ధార వస్తుందా రాదా? వీడియోకు ముందే చేతులెత్తించండి. దాదాపు అందరూ "వస్తుంది" అంటారు. రాదు. చెయ్యి వదిలిన క్షణం నుంచి మళ్లీ పట్టుకునే వరకు, పైకి పోతున్నా కిందికి వస్తున్నా, నీళ్లు బయటికి రావు. చెయ్యి వదిలేశాక దాన్ని తోసేది లేదు, దాని మీద ఉన్నది భూమి లాగుడు ఒక్కటే. రాకెట్ ఇంజన్ ఆపేశాక వ్యోమగామి తేలడం కూడా అచ్చం ఇదే. ఈ ఒక్క ప్రయోగానికే టైముంటే దీన్నే చేయండి, మిగతావి వదిలేసినా పరవాలేదు.

ఒక గ్లాసు, రెండు నట్లు

వాన పడుతూ మిద్దె ఎక్కలేని రోజున ఇది చేస్తాను. రబ్బరు బ్యాండు తెంపి పొడుగ్గా చేసి రెండు కొసలకూ ఇనుప నట్లు కట్టండి. బ్యాండు నడిమి భాగాన్ని ప్లాస్టిక్ గ్లాసు అడుగున లోపలి వైపు టేపుతో అంటించి, నట్లను అంచు మీదుగా బయటికి వేలాడేయండి. నట్ల బరువుకు రబ్బరు సాగి ఉండాలి. గ్లాసును నిటారుగా వదిలేస్తే నట్లు రెండూ టక్కున గ్లాసులోకి దూకుతాయి. బరువు మాయమైంది, రబ్బరు బిగువు మాయం కాలేదు. అంతరిక్షంలో స్ప్రింగులు, అయస్కాంతాలు, తలతన్యత (నీటి పై పొరను బిగపట్టి ఉంచే గుణం) అన్నీ ఎప్పటిలాగే పనిచేస్తాయని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

లిఫ్టులో బరువు మిషన్ మీద నిలబడే ప్రయోగం పుస్తకాల్లో ఉంటుంది. చేయండి, కానీ ముల్లు ఉండే మిషనే తీసుకెళ్లండి. డిజిటల్‌ది ఒక అంకె దగ్గర ఆగిపోయి మళ్లీ కదలదు. తేడా కూడా లిఫ్టు బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు మాత్రమే కనబడుతుంది.

డబ్బాలో కొవ్వొత్తి

ఇది పెద్దవాళ్లే చేయాలి. కొట్లో బిస్కెట్లు పోసే పెద్ద పారదర్శక ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మూతకు లోపలి వైపు పొట్టి కొవ్వొత్తి అంటించండి. వెలిగించి డబ్బాను దాని మీద బోర్లించి మూత బిగించండి. గదిలో లైట్లు ఆపి, గుండె ఎత్తు నుంచి బొంతల మీదికి వదలండి. ఆలస్యం చేస్తే లోపలి ఆక్సిజన్ అయిపోయి దానంతటదే ఆరిపోతుంది. అందుకే ముందు ఒకసారి వదలకుండా చేతిలోనే పట్టుకుని, ఎన్ని సెకన్లు వెలుగుతుందో లెక్కపెట్టండి. లేకపోతే "గాలి లేక ఆరిపోయింది మేడమ్" అనేవాడు ఒకడుంటాడు. వాణ్ని మెచ్చుకోవాలి కూడా.

పడే అర సెకనులో పసుపు పచ్చగా నిక్కి ఉన్న మంట కుంచించుకుపోయి, మసకబారి, నీలం రంగుకు తిరుగుతుంది. మంట పైకి సాగడానికి కారణం వేడి గాలి తేలికై లేవడం, దాని చోటులోకి చల్లగాలి కింద నుంచి చొరబడటం. తేలిక, బరువు అనే తేడా లేకపోతే వేడి గాలి ఎటు లేస్తుంది? ఉన్నచోటే ఉండిపోతుంది. అంతరిక్ష కేంద్రంలో జాగ్రత్తగా చేసిన మంటల ప్రయోగాల్లో మంట గుండ్రటి నీలపు బుడగలా కనబడుతుంది.

ఇక్కడే ఒక ప్రశ్న వేస్తాను: అక్కడ నిద్రపోయేవాళ్ల ముఖం దగ్గర గాలి ఆడుతూ ఉండాలి, ఎందుకు? ఉక్కపోతకని ఎవరో ఒకరు అంటారు. కొవ్వొత్తిని గుర్తు చేయండి. మనం వదిలే ఊపిరి వెచ్చగా ఉంటుంది కాబట్టి ఇక్కడ పైకి పోతుంది. అక్కడ పోదు. గాలి ఆడకపోతే వదిలిన కార్బన్ డయాక్సైడ్ ముక్కు చుట్టూనే మూగుతుంది, నిద్రలో దాన్నే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. మంటకు పట్టిన గతే మనిషికీ.

ఎంతసేపు తేలొచ్చు?

బోర్డు మీద ఒక నిచ్చెన గీస్తాను. అట్టడుగున మా బాటిల్, 0.85 సెకను. దాని పైన జర్మనీలోని బ్రెమెన్ గోపురం, ఇలాంటి ప్రయోగాల కోసమే కట్టింది; అందులో ప్రయోగ సామాను 110 మీటర్లు పడేస్తే 4.7 సెకన్లు. ఆపైన విల్లులా పైకి లేచి కిందికి దిగే విమానం, ఒక్కో విడతకు ఇరవై సెకన్లకు కాస్త పైన. 2021 జులైలో మన తెలుగమ్మాయి బండ్ల శిరీష వెళ్లొచ్చిన యాత్రలో కొన్ని నిమిషాలు. 1984లో రాకేశ్ శర్మకు దాదాపు ఎనిమిది రోజులు, 2025లో శుభాంశు శుక్లాకు అంతరిక్ష కేంద్రంలో 18 రోజులు. తండ్రిది హైదరాబాద్ అయిన రాజాచారికి 177 రోజులు. సునీతా విలియమ్స్‌కు ఒక్క 2024–25 యాత్రలోనే 286. అందరికంటే పైన రష్యా వైద్యుడు వలేరి పొల్యకోవ్, ఏకబిగిన 437 రోజులు. నిచ్చెన పైకెక్కే కొద్దీ ప్రశ్నలు బాటిల్ నుంచి మనిషి ఒంటి మీదికి మళ్లుతాయి.

బరువు లేదు, మరి ఎలా తూస్తారు?

వ్యోమగామి చిక్కాడా లావయ్యాడా తెలియాలి కదా. త్రాసులో కూర్చోబెడితే సున్నా. దీనికి రంపం బ్లేడు చాలు. హాక్సా బ్లేడు పళ్లకు టేపు చుట్టి, ఒక కొసను బల్ల అంచుకు క్లాంపుతో బిగించండి. వెడల్పు వైపు గోడలా నిలబడాలి, అప్పుడే అది కిందికీ పైకీ కాకుండా పక్కలకు ఊగుతుంది. ఊగడంలో భూమి లాగుడుకు పాత్ర ఉండకూడదు. రెండో కొసకు 50 గ్రాముల బంకమట్టి ముద్ద అంటించి వదిలితే 20 ఊపులకు మాకు 9 సెకన్లు పట్టింది. వంద గ్రాములకు పన్నెండు దాటింది. బరువుతో సంబంధం లేకుండా ద్రవ్యరాశి (వస్తువులో పదార్థం ఎంత ఉందో) పట్టుబడింది. అంతరిక్షంలో స్ప్రింగుకు బిగించిన ఆసనం మీద మనిషినే ఇలా ఊపి కొలుస్తారు. తేలుతోంది కదా అని అక్కడ పెద్ద పెట్టెను వేగంగా తోస్తే, గోడకూ దానికీ మధ్య చిక్కిన వేళ్లు ఇక్కడిలాగే నలుగుతాయి. జడత్వం ఎక్కడికీ పోదు.

వంటింటి సంగతులు అడిగితే త్వరగా చెప్పేస్తాను. నీళ్లు తలతన్యత వల్ల బంతి కడతాయి. తడి గుడ్డ పిండితే కారవు, చేతికే జిగురులా అంటుకుంటాయి. 2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ ఇది కెమెరా ముందు చేసి చూపించారు. రొట్టె పొడి రాలి తేలుతుంది కాబట్టి బ్రెడ్డుకు బదులు మన చపాతీ లాంటి టోర్టియా. ఉప్పును నీళ్లలో, మిరియాలను నూనెలో కలిపి పెట్టుకుంటారు. శుక్లా తనతో క్యారెట్ హల్వా తీసుకెళ్లారు, అది ముద్దగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. కందిపొడి మాత్రం కుదరదు.

ఒంటికి ఏమవుతుందో ఇంట్లోనే

ఎత్తు. రాత్రి పడుకునే ముందు గోడకు ఆనుకుని, తల మీద అట్ట పెట్టి గీత గీయమనండి. పొద్దున మంచం దిగగానే, నీళ్లు తాగడానికి కూడా పోకుండా ఇంకో గీత. పొద్దుటి గీతే పైన ఉంటుంది, తేడా ఒక సెంటీమీటరు అటూ ఇటూ. మా క్లాసులో ఒకమ్మాయి నమ్మక నాలుగు రోజులు వరసగా గీసి, గోడ పాడు చేసినందుకు వాళ్లమ్మతో తిట్లు కూడా తింది. పగలంతా పై శరీరం బరువుకు వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగిపోతాయి, రాత్రి పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. అంతరిక్షంలో రాత్రీ పగలూ అణిచేది లేదు. ఎత్తు 3 శాతం దాకా పెరగొచ్చు, 160 సెంటీమీటర్ల మనిషికి అది దాదాపు అయిదు. దాంతో పాటు నడుము నొప్పి. భూమికి వచ్చాక ఎత్తు మామూలైపోతుంది.

ముఖం. ఒక చెయ్యి కిందికి వేలాడేసి, రెండోది పైకెత్తి నిమిషం ఉంచితే కింది చేతి రక్తనాళాలు ఉబ్బుతాయి, పై చేతివి అణిగిపోతాయి. తర్వాత పిక్క చుట్టుకొలత దారంతో కొలుచుకుని, గోడకు కాళ్లు ఆనించి పది నిమిషాలు వెల్లకిలా పడుకోమనండి. లేచే ముందు ఎలా ఉందని అడిగితే ముఖం బరువెక్కిందని, ముక్కు పట్టేసినట్టుందని చెబుతారు. దారం కాస్త వదులవుతుంది. బీపీ, కంటి జబ్బులు ఉన్నవాళ్లు ఇది చేయకూడదు. అంతరిక్షంలో సుమారు రెండు లీటర్ల ద్రవం కాళ్ల నుంచి పైకి చేరుతుంది. ముఖం ఉబ్బి, కాళ్లు పుల్లల్లా అవుతాయి. ముక్కు దిబ్బడతో రుచి మందగించి చాలామంది కారం కోరతారు. నెలల తరబడి ఉన్నవాళ్లలో కొందరికి చూపు కూడా మారుతుంది. దీన్ని భూమి మీద పరిశీలించడానికి మనుషుల్ని మంచం మీద, తల వైపు 6 డిగ్రీలు వాల్చి, అరవై రోజుల దాకా పడుకోబెట్టిన అధ్యయనాలున్నాయి. భోజనం, స్నానం అన్నీ ఆ వాలులోనే.

తల తిరుగుడు. దీనికి పరికరం ఎందుకు, ఇద్దరు పిల్లల్ని ఒప్పులకుప్ప తిరగమనండి. ఆగాక కూడా గదంతా తిరుగుతూనే ఉంటుంది. చెవి లోపలి ద్రవం ఇంకా ఆగలేదు, కన్ను మాత్రం ఆగిందంటోంది. అక్కడ కింద ఏదో, పైన ఏదో చెప్పే సంకేతమే చెవికి అందదు. మొదటి రెండు మూడు రోజులు సగానికి పైగా మందికి వికారం, వాంతులు. తర్వాత మెదడు కంటి మాట నమ్మడం నేర్చుకుంటుంది. తిరిగొచ్చాక అంత త్వరగా మరిచిపోదు కూడా. శుక్లా భూమికి వచ్చిన కొత్తలో మంచం మీద పని చేసుకుంటూ ల్యాప్‌టాప్ మూసి పక్కన గాల్లో వదిలేశారట, తేలుతుందనుకుని. కింద తివాచీ ఉండబట్టి బతికిపోయింది.

ఎముకలు. దీన్ని 0.85 సెకన్లలో చూపించలేం. మాకు అనుకోకుండా ఒక సాక్షి దొరికాడు. చింతచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు, పుత్తూరు కట్టు విప్పాక బడికి వచ్చాడు. రెండు ముంజేతులూ టేపుతో కొలిచాం. కట్టు ఉన్న చెయ్యి సన్నబడిపోయింది. వాడని కండ కరుగుతుంది, వాడని ఎముక కూడా అంతే. అంతరిక్షంలో బరువు మోసే ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. ఇక్కడ వయసు మళ్లినవాళ్లకు అంత తగ్గాలంటే ఏడాది పడుతుంది. కరిగిన కాల్షియం మూత్రంలోకి పోతుంది, కిడ్నీలో రాళ్ల భయం. అందుకే రోజూ రెండు గంటల వ్యాయామం తప్పదు. నడిచే మిషన్ మీద నిలబడటానికి కూడా నడుముకూ భుజాలకూ పట్టీలు కట్టి కిందికి లాగించుకోవాలి, లేకపోతే మొదటి అడుగుకే మనిషి లేచిపోతాడు. సునీత 2007లో అలా పట్టీలతోనే బోస్టన్ మారథాన్ అంతా అక్కడే పరుగెత్తారు, 4 గంటల 24 నిమిషాల్లో.

ఆ కట్టు విప్పుకున్న కుర్రాడి చేతినే ఇప్పుడు నెలకోసారి కొలుస్తున్నాం. బోర్డు పక్కన చార్టు మీద రెండు గీతలు: కుడిచెయ్యి ఎర్రది, ఎడమచెయ్యి నీలం. వాడు రోజూ రబ్బరు బంతి నొక్కుతూ బడికొస్తాడు. మొన్నటి కొలతకు ఇంకా నాలుగు మిల్లీమీటర్ల తేడా ఉంది.